తంబాకు చాటలో సకినాలు

గంగవ్వ గురించి చెప్పాలంటే ముందు ఆమె చాట గురించి చెప్పాలి. మా కోరుట్లలో ఆడదాని ఒళ్లో నుంచి పిల్ల దిగిందంటే చాట ఎక్కుతుంది. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు, మధ్యలో దారం ఉండ. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా బీడీలు చుట్టడమే. గంగవ్వ నలభై ఏళ్లుగా చుడుతోంది. బొటనవేలి గోటితో బీడీ మూతిని ఆమె ఒక్క నొక్కు నొక్కిందంటే, కంపెనీలో చెకింగు చేసేవాడు కూడా వంక పెట్టలేడు. మనుషులకు వంకలు పెట్టే పని మాత్రం ఆమె ఎవరికీ వదలదు.

నేను ఆమె పక్కింటిదాన్ని, ఐలవ్వను. రెండో తరగతి దాకా చదివాను. మూడో తరగతికి పంతులే మా ఇంటికొచ్చి, పిల్లను పనిలో పెట్టుకోండి, బడికి మంచిది అని చెప్పిపోయాడు. కాబట్టి నన్ను తారీఖులు అడగొద్దు. జరిగింది జరిగినట్టే చెబుతాను. గంగవ్వకు కోపం వచ్చే చోట మాత్రం కొంచెం ఎక్కువ చెబుతాను.

ఆమెకు ఒక్కడే కొడుకు, అక్షయ్. మొగుడు దుబాయిలో పనికి పోయి అక్కడే జబ్బు చేసి పోయాడు. మా దిక్కు మీసం మొలిచిన ప్రతివాడూ దుబాయి విమానం ఎక్కుతాడు. అక్షయ్ మిలిటరీలో చేరాడు. "దుబాయి కాకుంటే సాలు, తుపాకి వట్టుకుంటవో తోపు వట్టుకుంటవో నీ ఇష్టం" అన్నది గంగవ్వ. తల్లీ కొడుకుల మధ్య గొడవ వచ్చింది మిలిటరీ గురించి కాదు. దగ్గు గురించి.

సెలవు మీద వచ్చినప్పుడు అక్షయ్ తల్లి దగ్గు విన్నాడు. జగిత్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఊపిరితిత్తుల్లో తంబాకు దుమ్ము పేరుకుంది, బీడీలు మానాలి అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చాక ఆ మాట నోటితో చెబితే సరిపోయేది. మిలిటరీవాడు కదా, చేత్తో చెప్పాడు. చాట తీసుకుని, మోకాలికేసి విరిచి, ఇంటి ముందు మురుగు మోరీలో పడేశాడు.

గంగవ్వ అప్పుడే కంచంలో అన్నం పెట్టి అతని ముందు ఉంచింది. చాట విరిగిన చప్పుడు విని వెనక్కి తిరిగింది.

"గా చాట నిన్ను సాదింది రా! నీ బడి ఫీజు గదే కట్టింది, నీ లాగు గదే కుట్టిచ్చింది! నువ్వు నాలుగు పైసలు తెస్తే నా చేతులు ఇరగ్గొట్టుకోవాల్నా?"

"అవ్వా, దగ్గి దగ్గి సస్తవే!"

"సస్తే నా చాట ముంగటనే సస్త. నీ హుకుంలు నీ తుపాకికి చెప్పుకో పో!"

అని అతని ముందున్న కంచం లాగేసింది. మాటలన్నీ గాలిలో పోయాయి. ఆ కంచం లాగిన చెయ్యే తర్వాత ఏడాది పాటు ఆమెను కాల్చింది. కానీ ఆ క్షణం ఆమెకు తెలియలేదు. అక్షయ్ ఆకలితోనే సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. వాడకట్టు మలుపులో తిరిగి చూసి, "బీడీలు మానినంకనే ఫోన్ చేస్త" అన్నాడు. "మాఫీ అడిగినంకనే ఎత్తుత" అన్నది ఆమె. మర్నాడు పొద్దునే పోయి అంగట్లో కొత్త చాట కొనుక్కొచ్చుకుంది.

నెల తిరగకుండానే అతన్ని ఆఫ్రికా పంపారు. దక్షిణ సూడాన్ అట. అక్కడ ఒకే దేశం వాళ్లు రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. ఊళ్లు వదిలి పారిపోయి వచ్చిన జనాన్ని కాపాడడానికి, మధ్యన నిలబడి తగవు ఆపడానికి మనవాళ్లకు నీలం టోపీలు పెట్టి తోలారు. ఇంట్లో తల్లితో రాజీ చేసుకోలేనివాణ్ని ఊరుగాని ఊళ్లో రాజీ చేయడానికి పంపారు. సర్కారుకు మనుషుల గురించి ఏం తెలుస్తుంది?

ఆదివారం ఆదివారం అతను నాకు ఫోన్ చేసేవాడు. గోడకు అటు పక్క గంగవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, చెవులు ఇటు పెట్టుకుని కూర్చునేది.

"పెద్దవ్వా, మా అవ్వ బీడీలు మానిందా?"

"లేదు కొడుకా."

"దగ్గు తగ్గిందా?"

పొట్టి గోడ అవతల ఆమె దగ్గకుండా కొంగు నోట్లో కుక్కుకోవడం నాకు కనిపించేది. "జెర నయమే" అనేదాన్ని. ఫోన్ పెట్టేయగానే గోడ మీద తలకాయ లేచేది.

"ఏమంటుండే ఐలక్కా? తిండి మంచిగున్నదంటనా? నేను వానికోసం అడుగుతలేను. ఊకెనే అడుగుతున్న."

ఇట్లా పది పదకొండు నెలలు. ఆషాఢంలో పెగడపల్లి నుంచి మహేశ్ వచ్చాడు. అతనిదీ అక్షయ్‌దీ ఒకే పటాలం. భార్య కాన్పుకని సెలవు మీద వచ్చి, తిరిగి పోయే ముందు మా వాడకు వచ్చి ఫోన్‌లో వీడియో చూపించాడు. మోకాలి లోతు బురద. తెల్ల గుడారాలు. ముళ్లకంచె అవతల చంకన పిల్లలతో నిలబడ్డ ఆడవాళ్లు.

"వానకు రోడ్డు తెగితే సామానంత హెలికాప్టర్లనే అస్తదవ్వా. తిండికి తక్కువ లేదు గని, డబ్బాల కూర తిని తిని నాలికలు సచ్చిపోయినయ్" అన్నాడు మహేశ్.

గంగవ్వ కోడిని వెతుకుతున్నట్టు వచ్చి మా వెనక నిలబడింది. ఆమెకు కోడి లేదు.

"గానికి టోపి గట్ల వంకరున్నదేంది?" అన్నది.

"ఎవనికమ్మా?"

"గా మూలకున్నోనికి. ఎవడో, నాకేం ఎరుక."

మూలకున్నవాడు అక్షయే. మహేశ్ నా మొహం చూశాడు. నేను ఆకాశం చూశాను.

అప్పుడు గంగవ్వ కొంగు నడుముకు చెక్కి, వాడకట్టు ఆడవాళ్లందరికీ వినబడేలా అన్నది: "జవాన్లు గంత గోసవడుతుంటే మనం కూసోని సూసుడేనా? ఏమన్న పంపాలె."

"నీ కొడుక్కా?" అన్నాను.

"నా కొడుక్కెందుకే? జవాన్లకు! అందరికి!"

నాకు అర్థమైంది. ఒక్కడికి పంపితే అలిగినవాడు తిప్పి పంపుతాడు. గుడారంలో ఉన్నవాళ్లందరికీ పంపితే, అంతమంది నోటికాడిది ఎట్లా తిప్పి పంపుతాడు? తల్లి పేరు పెట్టకుండా వాడకట్టు పేరు పెడితే కాదనడానికి ఏముంటుంది? ఆ రోజు లాగేసిన కంచాన్ని తిరిగి అతని ముందు పెట్టడానికి ఆమె ఒక పటాలాన్నే పంక్తిలో కూర్చోబెట్టింది.

"పది కిలోలు దాటొద్దవ్వా, విమానమోళ్లు ఊకోరు" అన్నాడు మహేశ్ భయం భయంగా.

"నీ బట్టలెన్ని కిలోలు?"

"ఏడెనిమిది ఉంటయ్."

"గక్కడ సర్కారు బట్టలియ్యదా? ఇవి ఇంట్ల వెట్టిపో."

పాపం, మూడు పూటల్లో అతను నాలుగు సార్లు కాదని, నాలుగు సార్లూ ఒప్పుకున్నాడు.

వాడంతా కదిలింది. గంగవ్వే పెద్ద. ఎవరు ఏం తెచ్చినా మూత తీసి, వేలు పెట్టి, నాకి చూసేది. ఎదురింటి లీల తెచ్చిన మామిడి తొక్కును "నూనె ఇంత పీసినారిగ పోస్తే జవాన్లు తుపాకి వట్టుకుంటరా?" అని వాపసు పంపింది. లీల ఏడ్చుకుంటూ పోయి, కోపంతో గిన్నె నిండా నూనె పోసి తెచ్చింది. "గిట్లుండాలె" అన్నది గంగవ్వ.

తువ్వాలలు కావాలని మేమిద్దరం బస్సెక్కి సిరిసిల్ల పోయాం. ఆమె అన్న పరశురాములు అక్కడ సాంచెల మీద బట్ట నేస్తాడు. కరెంటు మగ్గాలను మా దిక్కు సాంచెలంటారు. ఆ చప్పుడులో ఉండీ ఉండీ అతను బస్టాండులో కూడా అరిచే మాట్లాడతాడు. చెల్లెలు ముందే ఫోన్ చేసి అడిగిందని రెండు రోజుల్లో నేసి, కట్ట కట్టి మా ముందు పెట్టాడు. విప్పి చూస్తే గులాబీ రంగు తువ్వాలలు. వాటికి ఇటూ అటూ బంగారు జరీ అంచు.

"ఇదేందిరా పరశురాములూ? తువ్వాలకు జరీ ఏంది?" అన్నాను.

"సాంచ మీద చీరల పోగెక్కి ఉన్నదక్కా! అంచు తియ్యాలంటే పోగంత దించాలె. జవాన్లకని చెప్పినా సాంచెల సేటు దించనియ్యడు!" అని సిరిసిల్ల మొత్తానికి వినబడేలా చెప్పాడు. "మొకం తుడుసుకున్నప్పుడల్ల పెండ్లికొడుకుల లెక్క కొడుతరు!"

"నీళ్లన్న గుంజుతదా?"

"చీర నీళ్లెందుకు గుంజుతదక్కా?"

గంగవ్వ అంచును రెండు సార్లు తడిమి, "మా అన్న నేసిండు. గుంజకపోతే గుంజకపాయె" అన్నది. ఆమె వంక పెట్టకపోవడం నేను చూసింది అదొక్కసారే.

ఇక సకినాలు. బియ్యం నానబెట్టి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, పాత ధోవతి పరిచి దాని మీద చుట్టాం. నలుగురం కూర్చున్నాం. సకినం చూస్తే ఎవరి చెయ్యో చెప్పొచ్చు. నావి కొంచెం వంకర, అవి నోట్లోకి పోయాక ఎవరూ అడగరు. గంగవ్వ మాత్రం మూడు చుట్లు సమంగా తిప్పి, చివర కొసను బొటనవేలి గోటితో టక్కున నొక్కేది. నలభై ఏళ్ల అలవాటు, వేలు ఊరుకోదు.

మా వెనకింటి గుల్షన్ బీ ఖర్జూరాలు, నేతిలో వేయించిన సేమియా పొట్లాలు పట్టుకుని వచ్చింది. వాళ్లది మూడు తరాలుగా అత్తరు దుకాణం. ఆమె గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"గంగా, సకినాలల్ల ఏందో వాసన ఉన్నదే."

"నువ్వుల వాసన."

"నువ్వులు కాదమ్మా. ఏందో ఘాటుంది."

"నీ అత్తరు ముక్కుకు అన్నీ వాసనలే" అన్నాను నేను. అప్పుడే వేయించిన సకినం ఒకటి కొరికి చూశాను. కరకరలాడింది. గంగవ్వ కొరికింది. లీల కొరికింది. మాకెవరికీ ఏ వాసనా లేదు. గుల్షన్ బీ నొచ్చుకుని, "సరే, నాకేం తెలుస్తది, నేను అత్తరమ్ముకునేదాన్ని" అని వెళ్లిపోయింది. కాగే నూనెలో నుంచి తీసిన సకినాలను గంగవ్వ చల్లారడానికి చాటలో పరిచింది. నువ్వులు చెరిగింది కూడా అదే చాటలో. ఇంట్లో ఇంకో చాట ఎక్కడిది?

మహేశ్ బయలుదేరే ముందు ఆదివారం అక్షయ్ ఫోన్ వచ్చింది. నేను పాపం చేయదలచుకోలేదు. గోడ అవతల ఆమె దగ్గు మింగుతూ ఉంటే నా నోరు దానంతట అదే కదిలింది.

"మీ అవ్వ మానింది కొడుకా. నెల దాటింది."

"ఒట్టా?"

"మీ అవ్వ చాట మీద ఒట్టు."

"మహేశ్ ఏందో తెస్తుండంట గద. తిన్నంక అవ్వకు ఫోన్ చేస్తనని చెప్పు పెద్దవ్వా."

గోడ మీద తలకాయ లేవలేదు. పోయి చూస్తే గంగవ్వ బీడీలు చుడుతూ ఏడుస్తోంది. "అబద్ధం చెప్పినవ్ గదనే" అన్నది. "నువ్వు మానుతే నిజమైతది" అన్నాను. "ఎల్లుండి నుంచి మానుత" అన్నది. ఆ ఎల్లుండి పోయి చూశాను. చుడుతూనే ఉంది.

మహేశ్ పోయిన తర్వాత రోజులు లెక్క పెట్టుకుంటూ కూర్చుంది. ఫోన్‌ను చాటలోనే పెట్టుకుని, ఒక బీడీ చుట్టి ఒకసారి ఫోన్ చూసేది. ఒకరోజు అన్నం తినేవేళకు నా ఫోన్ మోగింది. మహేశ్.

"అవ్వా, సకినాలల్ల ఏం కలిపిన్రే?"

"బియ్యప్పిండి, నువ్వులు, వాము. ఎందుకురా?"

"మా హవల్దార్ సాబ్ ఎనిమిది తిన్నడు. చెట్టు కింద కూసుండి చెట్టు తిరుగుతుందంటుండు. ఇంకోనికి పొద్దుటి సంది ఎక్కిళ్లు. డాక్టర్ సాబ్ అచ్చి వాసన సూసి, ఇది తంబాకు అన్నడు!"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చాట! ఏడాదిగా తంబాకు పనికి పెట్టిన చాటలో నువ్వులు చెరిగి, వేడి వేడి సకినాలు ఆరబెట్టాం. మాకు వాసన ఎట్లా తెలుస్తుంది? మేం తాగే నీళ్లకు, పిల్లల తలలకు, కప్పుకునే దుప్పట్లకు అదే వాసన. పుట్టినప్పటి నుంచి మాకు గాలంటేనే అది.

"అక్షయ్ తిన్నడా?" అన్నాను.

"వాడు ఒకటి చేతుల వట్టుకోని తిప్పి తిప్పి సూసుకుంట కూసున్నడు."

నేను చెయ్యి కడుక్కుని గంగవ్వ ఇంటికి పరుగెత్తి చెబుతుంటే, గుల్షన్ బీ గోడ పక్కనే ఉండి అంతా విని మా దగ్గరికొచ్చింది. "నేను చెప్పలే? నేను అత్తరమ్ముకునేదాన్ని గద!" అని మూడు సార్లు అన్నది. నాలుగోసారి అనబోయి గంగవ్వ మొహం చూసి ఆగింది.

గంగవ్వ చాట ఒళ్లో నుంచి దించి కింద పెట్టింది. "ఇగ ఫోన్ చెయ్యడు" అన్నది. అంతే. చాట లేకుండా ఆమె ఒళ్లో ఖాళీ చేతులు చూడడం నాకు అదే మొదలు. వేళ్లు మాత్రం లేని ఆకును చుడుతూనే ఉన్నాయి. నేను తిట్లకు సిద్ధపడి పక్కన కూర్చున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పుడు మోగింది ఫోన్. నాది కాదు, ఆమెది. చాటలో, తంబాకు మధ్యలో.

"నువ్వెత్తే" అన్నది.

"నీ ఫోన్ నేనెందుకెత్తుత?"

"మాఫీ అడగలే గద వాడు!"

"గంగా, ఎత్తుతవా, మోరీల పడెయ్యాల్నా?"

ఎత్తింది. గుల్షన్ బీ వంగి అందరికీ వినబడే బొత్తాం నొక్కింది.

"అవ్వా. బీడీలు చేస్తనే ఉన్నవ్!" అన్నాడు అక్షయ్. ఏడాది తర్వాత మొదటి మాట అది.

"తిన్నవా?" అన్నది గంగవ్వ.

"నేనడిగేదేంది, నువ్వనేదేంది?"

"తిన్నవా లేదా చెప్పు ముందుగాల."

అటు నుంచి వాన చప్పుడు వినబడింది.

"తిన్న."

"ఎన్ని?"

"తల తిరిగినదాక."

గంగవ్వ కొంగుతో మొహం మొత్తం తుడుచుకుని, "తల తిరిగితే మజ్జిగ తాగురా" అన్నది.

"గీడ మజ్జిగేడిదే? డబ్బ తియ్యంగనే ఎరుకైంది నాకు. సకినం కొసకు బీడీ మూతి నొక్కినట్టు నొక్కేది లోకంల నువ్వొక్కదానివే. గా వాసన సూసి వీళ్లందరికి కడుపుల తిప్పింది. నాకు మనిల్లు యాదికచ్చింది." ఆ వెంటనే గొంతు పెంచాడు. "పెద్దవ్వా! గక్కడనే ఉన్నవ్ గద? చాట మీద ఒట్టేస్తివి!"

"ఏసిన కొడుకా. గా చాటను నువ్వే మోరీల పడేస్తివి గద. లేని చాట మీద ఒట్టు పారదు" అన్నాను. ఎక్కిళ్లతో ఎవరో నవ్విన చప్పుడు వచ్చింది. పాపం, ఎక్కిళ్లవాడు పక్కనే ఉన్నట్టున్నాడు.

"అవ్వా, ఎందుకు మానవే? పైసలు పంపుతున్న గద" అన్నాడు అక్షయ్. ఈసారి కోపంగా కాదు.

గంగవ్వ తన చేతులు చూసుకుంది. "పైసలకు కాదురా. నువ్వు గా లడాయిల ఉన్నవు. ఇక్కడ చేతులు ఊకుంటే పానం తండ్లాడుతది. బీడీ చుట్టుకుంట ఉంటే పొద్దువోతది. పొద్దువోతే నువ్వు అచ్చే దినం దగ్గరికస్తది. మానుమంటే ఎట్ల మానుత?"

అతను ఎక్కిళ్లవాణ్ని అవతలికి పొమ్మన్నాడు.

"గా దినం చాట ఇరగ్గొట్టుడు తప్పేనే" అన్నాడు.

"కంచం గుంజుడు గూడ తప్పేరా" అన్నది ఆమె.

"నేను అచ్చేదాక చేసుకో. ముక్కుకు బట్ట కట్టుకోని చెయ్. నేనచ్చినంక మాత్రం చాట మోరీలనే."

"అచ్చి నీ చేతుల్తోనే పడెయ్. ఇంకోడు పడేస్తే నేనూకోను."

తువ్వాలలు ఏమయ్యాయని నేను మధ్యలో దూరి అడిగాను. నీళ్లు గుంజలేదట. ముళ్లకంచె అవతలి ఆడవాళ్లు జరీ అంచు చూసి ముచ్చటపడితే జవాన్లు వాళ్లకే ఇచ్చేశారట. వాళ్లు పిల్లలను వీపున కట్టుకోవడానికి వాడుతున్నారట. సాయంత్రం ఫోటో వచ్చింది. నల్లటి తల్లి వీపున గులాబీ రంగు మూట, బంగారు అంచులో నుంచి చిన్న తలకాయ. పరశురాములుకు చూపిస్తే సాంచె ఆపి మరీ చూశాడట. సేటు కేకలేసినా ఆగలేదట.

మర్నాడు పొద్దున నేను చాట పట్టుకుని పోయేసరికి గంగవ్వ తన కోసం ముందే దాచుకున్న గులాబీ తువ్వాల ముక్కుకు కట్టుకుని బీడీలు చుడుతోంది. జరీ అంచు సరిగ్గా కళ్ల కింద మెరుస్తోంది. దొంగతనానికి బయలుదేరిన పెళ్లికూతురిలా ఉంది. నన్ను చూసి తువ్వాల కిందికి లాగింది.

"ఐలక్కా, హవల్దార్‌కు తల తిరుగుడు బందైందంట. ఇంక ఉన్నయా అని అడుగుతుండంట. ఈపాలి పాడు చాట వద్దు, గుల్షన్ చాట అడుగుదాం."

గోడ అవతల నుంచి గుల్షన్ బీ కేకేసింది: "ఇస్త గని గంగా, నా చాటల చేస్తే సకినాలకు అత్తరు వాసనస్తది. నేను ముందుగాలనే చెప్తున్న, మల్ల నన్ననొద్దు!"